భూటాన్‌కి సొంత సైన్యం ఉందా, లేక కాపలా అంతా మనదేనా?

మాధవి టీచర్, వైట్‌ఫీల్డ్:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. ఇప్పుడు బెంగళూరులోనే ఒక స్కూల్లో తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతున్నాను. మొన్న పొరుగు దేశాల పాఠం నడుస్తుంటే ఒక అబ్బాయి లేచి, "భూటాన్‌కి ఆర్మీ లేదు మిస్, మన ఆర్మీయే కాపలా కాస్తుంది, మా నాన్న చెప్పారు" అన్నాడు. ఇంకో అమ్మాయి, "ఉంది కానీ రాజుగారి పెరేడ్ కోసమే" అంది. కనుక్కుని చెబుతానని అప్పటికి పాఠం ముందుకి నడిపించాను.

ఇంటర్నెట్‌లో చూస్తే ఒకచోట రాయల్ భూటాన్ ఆర్మీ అని ఉంది, ఇంకోచోట భూటాన్‌లోని హా లోయలో మన జవాన్ల ఫోటోలు ఉన్నాయి. వైమానిక దళం లేదని రాశారు. మరి ఎవరి పని ఏమిటి? ఆ సైన్యం అసలు ఏం చేస్తుంది? ఈ గ్రూపులో మాజీ సైనికులు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. పిల్లలకి సరిగ్గా చెప్పాలి.

చరణ్, బీటీఎం లేఅవుట్:

మేడమ్, నేను సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. ఒప్పందాల సంగతి వరకూ చెప్తాను. 1949 ఒప్పందంలో విదేశీ వ్యవహారాల్లో భారత్ సలహా ప్రకారం నడుచుకుంటామని భూటాన్ ఒప్పుకుంది. మీ స్టూడెంట్ వాళ్ల నాన్నగారి మాట ఆ కాలంనాటిది అయ్యుంటుంది. 2007 ఫిబ్రవరిలో కొత్త ఒప్పందం రాసుకున్నప్పుడు ఆ వాక్యం తీసేశారు. ఒకరి భూభాగాన్ని ఇంకొకరికి హాని చేసే పనులకి వాడుకోనివ్వకూడదు, దేశ ప్రయోజనాల విషయంలో కలిసి పనిచేయాలి అని ఉంది. "భూటాన్‌ని భారత సైన్యం కాపాడుతుంది" అనే వాక్యం అందులో ఎక్కడా లేదు. సైన్యం లోపలి సంగతులు నాయుడుగారికి బాగా తెలుసు. ఆయన ఆ దేశంలోనే పనిచేశారు.

సుబేదార్ నాయుడు (రిటైర్డ్), హలసూరు:

అమ్మా మాధవీ, నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా. ఇక్కడి మద్రాస్ సాపర్స్ (ఆర్మీ ఇంజినీర్లు) సెంటర్‌లో రంగరూటుగా చేరాను. సర్వీసులో కొంతకాలం భూటాన్‌లో దంతక్ ప్రాజెక్టులో ఉన్నాను. దంతక్ అంటే మన బోర్డర్ రోడ్స్ వాళ్లు 1961 నుంచి అక్కడ రోడ్లు వేస్తున్న ప్రాజెక్టు. వాళ్ల సైన్యాన్ని దగ్గరనుంచి చూసినవాణ్ణి. "పెరేడ్ కోసం సైన్యం" అనే మాట వింటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ దేశం ఎక్కడుందో పిల్లలకి బోర్డు మీద గీసి చూపించు. పైన టిబెట్, కింద అస్సాం, బెంగాల్. జనం ఎనిమిది లక్షల లోపే, అంటే మన బెంగళూరులో ఒక మూలకి సరిపోయేంత. 1950ల్లో చైనా టిబెట్‌ని పట్టుకున్నాక వీళ్లకి ఉత్తరాన ఉన్న పాత వ్యాపార దారులు మూతపడ్డాయి. 1958లో నెహ్రూగారు భూటాన్ వెళ్లాలంటే మన వైపు నుంచి రోడ్డే లేదు. సిక్కింలోని నాథూ లా కనుమ ఎక్కి, టిబెట్‌లోని చుంబీ లోయలో దిగి, అక్కణ్ణుంచి పారో చేరారు. ఇవాళ్టి సైన్యం రూపు దిద్దుకున్నది ఆ రోజుల్లోనే. దానికి ట్రైనింగ్ ఇవ్వడానికి మన ఆర్మీ టీమ్ ఒకటి 1960ల మొదట్లో హా లోయకి వెళ్లింది. ఇమ్‌ట్రాట్ అంటారు. నువ్వు ఫోటోల్లో చూసిన జవాన్లు వాళ్లే. వాళ్లు శిక్షకులు, ఆ దేశానికి కాపలాదారులు కారు.

రాజే సుప్రీం కమాండర్, 2008 రాజ్యాంగంలో అది రాసి ఉంది. ఆయన కింద సైన్యాన్ని నడిపే అధికారిని చీఫ్ ఆపరేషన్స్ ఆఫీసర్ అంటారు. హెడ్ క్వార్టర్స్ థింఫూ పక్కన లుంగ్‌తెన్‌ఫులో, రిక్రూట్ల ట్రైనింగ్ వాంగ్‌డ్యూ దగ్గర తెంచోలింగ్‌లో. ఆఫీసర్లలో చాలామంది మన డెహ్రాడూన్ అకాడమీలో చదివి వస్తారు. రాజుగారి భద్రతకి రాయల్ బాడీ గార్డ్స్ విడిగా ఉంటారు. పోలీసులు వేరు. నేవీ అవసరమే లేదు, సముద్రం లేదు కాబట్టి. యుద్ధ విమానాలు లేవు. ఆ అవసరం వస్తే మన ఈస్టర్న్ ఎయిర్ కమాండ్ సాయం ఉంటుంది. కాపలాలో మన భాగం ఏదైనా ఉందంటే ముఖ్యంగా అదే. నేల మీద రోజువారీ కాపలా మాత్రం వాళ్లదే. ఉత్తరాన చలికాలం మంచు కప్పేసే కనుమల దగ్గర పోస్టుల్లో ఉండేది ఆ దేశపు కుర్రాళ్లే.

ఒక సంగతి చెప్తాను. సామ్‌డ్రుప్ జోంఖార్ నుంచి పైకెళ్లే రోడ్డులో దేవథాంగ్ అని ఊరుంది. అక్కడ వాళ్ల ఆర్మీ క్యాంప్ గేటు ముందునుంచి మా జీపు తరచూ వెళ్లేది. గేటు దగ్గర ఒక కుర్ర సిపాయి ఉండేవాడు, పాతికేళ్లు కూడా ఉండవు. మా బండి వాడికి బాగా తెలుసు, నన్నూ తెలుసు, నవ్వుతూ పలకరిస్తాడు. అయినా ప్రతిసారీ కర్ర దించే ఉంచి, రిజిస్టర్ తెరిచి, బండి నంబరు, మనుషుల లెక్క, టైము పెన్సిల్‌తో రాసుకుని, డ్రైవర్ చేత సంతకం పెట్టించి, అప్పుడే కర్ర ఎత్తేవాడు. వాన కుండపోతగా పడుతున్నా అంతే, రిజిస్టర్ మీద పాలిథిన్ కవరు కప్పి రాసేవాడు. మా డ్రైవర్ ఒకసారి విసుక్కుంటే, "సాబ్, ఇది మా దేశం గేటు" అన్నాడు హిందీలో, చాలా మర్యాదగా. నేను జీపులోంచి దిగి వాడికి సెల్యూట్ చేశాను.

అదే దేవథాంగ్‌లో 1865లో భూటాన్ యోధులు బ్రిటిష్ వాళ్లని తరిమేశారు. పారిపోతూ ఇంగ్లీషువాళ్లు ఫిరంగులు కూడా వదిలేసి వెళ్లారు. తర్వాత పెద్ద సైన్యంతో తిరిగొచ్చి గెలిచారు, దువార్లు అనే కొండల కింది మైదానపు భూమి లాక్కున్నారు, అది వేరే సంగతి.

ఇక 2003. దీని గురించి పిల్లలకి తప్పకుండా చెప్పు. 1990ల్లో అస్సాంలో మన సైన్యం ఉల్ఫా అనే వేర్పాటువాద సంస్థ మీద ఆపరేషన్లు మొదలుపెట్టాక వాళ్లు సరిహద్దు దాటి భూటాన్ దక్షిణ అడవుల్లో క్యాంపులు వేసుకున్నారు. బోడో తీవ్రవాదులు, ఉత్తర బెంగాల్ ప్రాంతపు తీవ్రవాద సంస్థ కేఎల్‌ఓ వాళ్లు కూడా చేరారు. మొత్తం ముప్ఫై క్యాంపులు. అక్కడి తూర్పు జిల్లాల జనం చాలామంది పడమటికి అస్సాం మీదుగానే బస్సులో వెళ్లేవాళ్లు, వాళ్లకి ప్రతి ప్రయాణం టెన్షనే. మీ దారి మీరు చూసుకోండి అని భూటాన్ ప్రభుత్వం ఏళ్ల తరబడి మాటలతో చెప్పి చూసింది. 2001లో కొన్ని క్యాంపులు ఎత్తేస్తామని ఉల్ఫా ఒప్పుకుంది కూడా. ఆ ఒప్పందం వల్ల ఒరిగిందేమీ లేదు.

చివరికి 2003 డిసెంబరు 15న రాయల్ భూటాన్ ఆర్మీ ఒకేసారి దాడి చేసింది. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ స్వయంగా యుద్ధరంగంలో ఉన్నారు. మన ఆర్మీ మన వైపు సరిహద్దు మూసేసి నిలబడింది, లోపల పోరాడింది మాత్రం వాళ్లు. సుమారు నూట నలభై ఏళ్లుగా బయటివాళ్లతో యుద్ధం ఎరగని దేశపు సైన్యం అది, అడవి యుద్ధంలో ఆరితేరిన వాళ్లతో తలపడింది. కొద్ది రోజుల్లోనే ముప్ఫై క్యాంపులూ ఖాళీ అయ్యాయి. సిపాయిలు చనిపోయారు కూడా. థింఫూ నుంచి పునాఖా వెళ్లే దారిలో దోచూ లా అనే కనుమ ఉంది. అక్కడ వాళ్ల జ్ఞాపకంగా రాణీమాత దోర్జీ వాంగ్‌మో 108 చోర్టెన్లు (చిన్న బౌద్ధ స్తూపాలు) కట్టించారు. మన టూరిస్టులు సెల్ఫీలు తీసుకునే చోటు అదే. ఎందుకు కట్టారో తెలిసి వెళ్తే బాగుంటుంది.

కిరణ్, మారతహళ్లి:

నాయుడుగారూ, గౌరవంతోనే అడుగుతున్నా. ఎనిమిది లక్షల జనాభాకి సైన్యం భారం కాదా? కోస్టా రికా 1948లో సైన్యాన్నే రద్దు చేసి ఆ డబ్బు చదువుకి, వైద్యానికి పెట్టింది. భూటాన్ కూడా పోలీసుల్ని ఉంచుకుని మిగతాది మనకి వదిలేస్తే సరిపోదా? చైనా వస్తే ఎలాగూ ఆ సైన్యం ఆపలేదు కదా.

సుబేదార్ నాయుడు (రిటైర్డ్), హలసూరు:

కిరణ్ బాబూ, మంచి ప్రశ్న. కానీ కోస్టా రికా పక్కన చైనా లేదు. భూటాన్‌కీ చైనాకీ దౌత్య సంబంధాలు కూడా లేవు. సరిహద్దు మీద చర్చలు 1984లో మొదలయ్యాయి, ఇంకా తేలలేదు.

"ఎలాగూ ఆపలేదు" అన్నావు. చిన్న సైన్యం పని పెద్ద సైన్యాన్ని ఓడించడం కాదు. మా భూమి మీదికి ఎవరో వచ్చారు అని మొదట చూసేది, చెప్పేది, అక్కడ నిలబడేది వాళ్లు. 2017 డోక్లామ్ గుర్తు తెచ్చుకో, భూటాన్, చైనా రెండూ మాదంటున్న పీఠభూమి అది. జూన్ 16న చైనా వాళ్లు డోకోలా దగ్గర్నుంచి జొంపెల్రీలోని భూటాన్ ఆర్మీ క్యాంపు వైపు రోడ్డు వేయడం మొదలుపెట్టారు. భూటాన్ జూన్ 29న విడుదల చేసిన ప్రకటనలో ఆ క్యాంపు పేరుతో సహా చెప్పింది. అక్కడ వాళ్ల క్యాంపు అంటూ ఒకటి ఉండబట్టే "మా క్యాంపు వైపు రోడ్డేస్తున్నారు" అని లోకానికి చెప్పగలిగారు. ఖాళీ కొండ అయితే ఏమని చెప్తారు? మన వాళ్లు అక్కడికి వెళ్లి ఆగస్టు 28 దాకా నిలబడ్డారు, నిజమే. కానీ ఆ నేల మాదీ అనే మాట భూటాన్ నోటినుంచి రావాలి, భూటాన్ సిపాయి బూటు అక్కడ ఉండాలి. అది మనం వాళ్ల తరఫున చేసిపెట్టగలిగే పని కాదు.

భారం సంగతికొస్తే, దాని గురించి వాళ్లు ముందే ఆలోచించారు. 1976లో ఆర్మీ వెల్ఫేర్ ప్రాజెక్ట్ పెట్టారు. సామ్‌ట్సేలోనూ గెలెఫులోనూ వాళ్లకి డిస్టిలరీలు ఉన్నాయి. ఆ దేశంలో అమ్మే విస్కీ చాలావరకు సైన్యం తయారుచేసిందే. అయిదో రాజు పట్టాభిషేకం సందర్భంగా తెచ్చిన కె5 విస్కీ కూడా వాళ్లదే. ఆ ఆదాయం రిటైరైన సిపాయిల మేలుకి వెళ్తుంది. నేను ముట్టను కానీ, ఆ ఏర్పాటు మీద నాకు గౌరవం ఉంది. రిటైరయ్యాక ఇంటికి డబ్బు రాకపోతే ఎలా ఉంటుందో ఏ సిపాయి భార్యనైనా అడిగి చూడు.

వాళ్ల రాజ్యాంగంలో ఇంకో మాట ఉంది. ఆత్మరక్షణకీ, దేశ భద్రతకీ, సరిహద్దులూ సార్వభౌమత్వం కాపాడుకోడానికీ తప్ప వేరే దేశం మీద సైన్యాన్ని వాడకూడదు. సైన్యాన్ని ఎందుకు వాడాలో ఇంత తేటగా రాసుకున్న దేశం అది.

మాధవి టీచర్, వైట్‌ఫీల్డ్:

నాయుడుగారూ, చాలా చాలా థాంక్సండీ. మా పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. అక్కడ వాళ్ల వయసు పిల్లలు కూడా ఆర్మీలో చేరాలా? ఆడపిల్లలకి ఉంటుందా?

సుబేదార్ నాయుడు (రిటైర్డ్), హలసూరు:

సైన్యంలో చేరడం నిర్బంధం కాదమ్మా. కానీ గ్యల్‌సుంగ్ అని జాతీయ సేవ ఒకటి వచ్చింది. 2019లో రాజుగారు ప్రకటించారు, మొదటి బ్యాచ్ 2024లో వెళ్లింది. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు వెళ్లాలి. మగపిల్లలూ ఆడపిల్లలూ అందరికీ. మొదట మిలటరీ ట్రైనింగ్ ఉంటుంది. వ్యవసాయం, ఇళ్లు కట్టడం, కంప్యూటర్ లాంటి పనులు నేర్పడం కూడా ఈ సేవ ఉద్దేశం. దీనికి ముందే 2011లో దేసుంగ్ అనే వాలంటీర్ల దళం మొదలైంది. కాషాయం రంగు యూనిఫాంలో ఉంటారు. కోవిడ్ రోజుల్లో సరిహద్దు ఊళ్లలో డ్యూటీ చేసింది వాళ్లే ఎక్కువ. యువత చాలామంది ఉద్యోగాల కోసం ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న దేశం అది, కాబట్టి ఈ సేవ మీద వాళ్లు చాలా ఆశ పెట్టుకున్నారు.

ఇంకోటి, ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో కూడా 2014 నుంచి భూటాన్ వాళ్లు ఉన్నారు. 2022లో సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్‌కి సాయుధ దళాన్నే పంపారు. మీ క్లాసులో ఆ అమ్మాయికి ఇది ప్రత్యేకంగా చెప్పు.

కావాలంటే వచ్చే శనివారం మీ స్కూలుకి నేను వస్తాను. దంతక్‌లో ఉన్నప్పటి రోడ్డు మ్యాపు ఒకటి నా దగ్గర ఉంది, ఫుంట్‌షోలింగ్ నుంచి థింఫూ దాకా. మీ ప్రిన్సిపాల్ గారిని అడిగి చెప్పు.