బిల్లుల చెల్లింపు: ఉన్న పద్ధతినే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలా, ముందు పద్ధతి మార్చాలా?

పరవాడ స్టోర్స్
విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక మధ్యతరహా ఇంజనీరింగ్ యూనిట్ సంగతి. పేరెందుకు గానీ, ఈ చుట్టుపక్కల చాలా చోట్ల ఇదే వరస. లారీ వస్తే గేటు రిజిస్టర్‌లో రాసి కాటా వేస్తారు. స్టోర్స్‌లో దించాక క్వాలిటీ వాళ్ళు చూస్తారు, అప్పుడు జీఆర్‌ఎన్, అంటే సరుకు అందినట్టు రసీదు. అక్కణ్ణించి బిల్లు యాత్ర మొదలు: కొనుగోలు శాఖ, ఇంజనీరింగ్ హెడ్, ఎకౌంట్స్, లోపలి ఆడిట్, చివరికి చెల్లింపు సంతకం. ఏప్రిల్ 1 నుంచి ఈఆర్‌పీ (కొనుగోలు, నిల్వ, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) అట. "ఇప్పుడెలా జరుగుతోందో రాసివ్వండి, స్క్రీన్లు అలాగే చేసేస్తాం" అంటున్నారు సాఫ్ట్‌వేర్ వాళ్ళు. రాసిచ్చేయడమేనా? లేక ముందు ఈ తిరుగుడు తగ్గించాలా? కమిటీ రెండుగా చీలింది.

దువ్వాడ ప్రాసెస్
రాసిచ్చేయకండి. కాయితం మీద తొమ్మిది సంతకాలుంటే స్క్రీన్ మీద తొమ్మిది క్లిక్కులవుతాయి, అంతకుమించి ఒరిగేదేమీ ఉండదు. పైగా కాయితమైతే ఎవరో ఒకరు పట్టుకెళ్ళి బల్ల దగ్గర నిలబడతారు. ఇన్‌బాక్స్ దగ్గర నిలబడేదెవరు?

మేనేజ్‌మెంట్ రచయిత మైకేల్ హామర్ 1990లో ఫోర్డ్ ఉదాహరణతో ఈ మాటే రాశాడు. ఉత్తర అమెరికాలో ఫోర్డ్ వాళ్ళకి బిల్లుల చెల్లింపు విభాగంలోనే 500 మందికి పైగా ఉండేవారు. కంప్యూటర్లు పెట్టి 20 శాతం తగ్గిద్దామనుకున్నారు. జపాన్ కార్ల కంపెనీ మాజ్దాలో ఆ పనికి ఐదుగురేనని తెలిశాక లెక్క మొత్తం మారింది. పీఓ (కొనుగోలు ఆర్డరు), సరుకు రసీదు, ఇన్‌వాయిస్ మధ్య 14 అంశాలు సరిపోవాలి. సరిపోనివాటి వెనకాల పడటంలోనే సిబ్బంది కాలమంతా పోయేది. దాంతో ఇన్‌వాయిస్‌నే తీసేశారు. సరుకు దించేచోట గుమాస్తా కంప్యూటర్‌లో పీఓ చూస్తాడు. ఉంటే దించుకుంటాడు, లేకపోతే లారీని వెనక్కి పంపేస్తాడు. దించుకున్నాడంటే చెక్కు దానంతటదే తయారు. సరిపోల్చేవి మూడే మిగిలాయి: పార్టు నంబరు, కొలమానం, సరఫరాదారు కోడ్. సిబ్బంది 75 శాతం తగ్గారు.

మీరు చేయాల్సింది ఇది. డబ్బు కట్టేసిన పాత బిల్లులు ఓ 40 తీయండి. పెద్దవి, చిన్నవి, రాత్రికి రాత్రి కొన్నవి, తిరిగొచ్చినవి అన్నీ అందులో ఉండాలి. స్టాంపుల్ని బట్టి ప్రతి బల్లకీ వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ రాయండి. పక్కన అక్కడ నిజంగా పట్టే పని, నిమిషాల్లో. మూడో గడిలో ఆ బల్ల ఎన్నిటిని తిప్పిపంపిందో. నలభైలో ఒక్కటీ తిప్పిపంపని సంతకం ఏదుందో, ముందు తీసేయాల్సింది దాన్నే.

డాబాగార్డెన్స్ ఆడిట్
ఆ చివరి వాక్యం దగ్గరే ఆగాలి. కుక్క మొరగలేదంటే దొంగ రాలేదనా, కుక్క ఉందని రాలేదనా? సంతకాలు లెక్కపెట్టి కోసేయడం తేలికే. ఏ సంతకం దేనికి కాపలానో ముందు తెలియాలి.

నాలుగు అధికారాలు ఒక్క లాగిన్‌లో కలవకూడదు: వెండర్ (సరఫరాదారు) కోడ్ తెరవడం, పీఓ విడుదల, సరుకు అంగీకారం, చెల్లింపు. బ్యాంకు ఖాతా మార్పు కూడా మొదటి దాని కిందికే వస్తుంది. ఖాతా మారిందని ఈమెయిల్ వస్తే, అందులో ఉన్న నంబరుకి కాదు, పాత రికార్డులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగాలి. మార్చినవాడు ఒకడు, ఆమోదించేవాడు ఇంకొకడు. ఈ నాలుగింటికీ సంబంధం లేని సంతకాన్ని తీసేయండి, నేనే వంత పాడతాను. ఇండెంట్ (సరుకు కావాలని రాసే చీటీ) మీద సంతకం పెట్టిన ఇంజనీరింగ్ హెడ్ చేత బిల్లు మీద మళ్ళీ పెట్టించడం అలాంటిదే.

ఇక ఫోర్డ్. ఇన్‌వాయిస్ తీసేయడం ఇక్కడ కుదరదు. జీఎస్టీలో ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు ఇచ్చిన పన్నుని మన పన్నులో తగ్గించుకోవడం) కావాలంటే ట్యాక్స్ ఇన్‌వాయిస్ మన చేతిలో ఉండాలి, 2022 జనవరి 1 నుంచి అది 2బీలో, అంటే సరఫరాదారులు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ తయారుచేసే జాబితాలో, కనబడాలి కూడా. 2బీ నెలకోసారి, 14న తయారవుతుంది. ఇ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) ఉంది కదా అంటారేమో. అది 2023 ఆగస్టు నుంచి 5 కోట్లు దాటిన టర్నోవర్ వాళ్ళకే. ఆటోనగర్ షెడ్డులో ఫ్లాంజీలు తిప్పేవాళ్ళలో ఎంతమంది ఆ గీత దాటతారు? మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాడు ఐఎఫ్‌ఎఫ్‌లో (మధ్య నెలల బిల్లులు ఎక్కించే చోటు) మర్నెల 13లోపు బిల్లు ఎక్కించకపోతే ఆ నెల 2బీలో ఉండదు.

దువ్వాడ ప్రాసెస్
ఇన్‌వాయిస్ ఉంచుదాం, సరే. కానీ చెల్లింపుకి గంట కొట్టేది అదే కానక్కర్లేదు కదా. జీఆర్‌ఎన్ పడగానే పీఓ ధర ప్రకారం అసలు మొత్తం గడువు తేదీతో వరసలో చేరాలి. పన్ను భాగం మాత్రం 2బీలో కనబడ్డాక వదలాలి.

ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్
ఆడిట్ గారూ, మీ కుక్క సంగతి సరేనండి, అది మొరిగేది ఎప్పుడూ మా మీదే. పన్ను ఆపడం మీకు ఒక లైను. మేం ఆ పన్ను 20లోపు కట్టేసి, డబ్బు కోసం మీ గుమ్మం దగ్గర కూర్చోవాలి. ఆపితే ఎన్నాళ్ళు ఆపుతారో పీఓలోనే రాయండి.

చట్టం కూడా ఒకసారి చూడండి. సూక్ష్మ, చిన్న సంస్థలకి చెల్లింపు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. గడువు దాటిన బాకీ, ఏ ఏడు కడితే ఆ ఏడే ఆదాయపన్నులో ఖర్చు కింద చూపించుకోవాలి. "ఇన్‌స్పెక్షన్ అవలేదు, రోజులు మొదలవలేదు" అనే మాట చెల్లదు. సరుకు అందిన 15 రోజుల్లోపు రాసి అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. కాబట్టి మీ ఈఆర్‌పీలో గడువు తేదీ బిల్లు ఎంట్రీ నుంచి కాకుండా గేటు తేదీ నుంచి నడవాలి. ముందు ఆ ఒక్కటీ సరిచేయండి.

బిల్లు ఎందుకు వెనక్కొస్తుందో కూడా చెప్తాను. పీఓ టన్నుల్లో, జీఆర్‌ఎన్ ప్లేట్ల లెక్కన, మా బిల్లు కిలోల్లో.

దువ్వాడ ప్రాసెస్
ఈ కొలమానం గొడవ చూడ్డానికి చిన్నది, సగం జబ్బు ఇక్కడే. 10 మి.మీ. మందం, 2500×6300 ప్లేటు తీసుకోండి. ఉక్కుకి చదరపు మీటరుకి, మి.మీ. మందానికి 7.85 కిలోలు. 15.75 చదరపు మీటర్లు కాబట్టి ఒక ప్లేటు లెక్క బరువు సుమారు 1236 కిలోలు. పన్నెండు ప్లేట్లు 14,836. లారీ కాటా పది, ఇరవై కిలోల గీతల్లో చూపిస్తుంది, ప్లేటు మందం మిల్లులోనే కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెండూ అణా పైసలతో సరిపోవు. సాఫ్ట్‌వేర్‌లో టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) సున్నా పెట్టారనుకోండి, ప్రతి ప్లేటు లారీ బిల్లూ బ్లాక్. విసిగిపోయి అన్నిటికీ కలిపి 5 శాతం పెట్టారనుకోండి, అదే లారీ మీద 740 కిలోలు పోయినా ఎవరికీ కనబడదు.

టాలరెన్స్ సరుకు గుంపుని బట్టి వేరువేరుగా పెట్టాలి. ప్లేటుకి లెక్క బరువు మీద డబ్బిస్తారా, కాటా బరువు మీదా అన్నది పీఓలో రాయాలి. బోల్టులు లెక్కపెట్టే సరుకు, వాటికి సున్నా.

సీతమ్మధార ఇంప్లిమెంటేషన్
అందరూ మంచి మాటలే చెప్తున్నారు గానీ, నేను అవతలి పక్షం. ముందు కంప్యూటర్ ఎక్కించండి, మార్పు తర్వాత. మీ పాత పద్ధతితో కాదు, కొత్తగా కనిపెట్టినదానితోనూ కాదు, ప్యాకేజీతో వచ్చే మామూలు దారిలో. కమిటీ కూర్చుని ఆదర్శ పద్ధతి గీస్తే ఆర్నెల్లు పోతాయి, దానికి ప్రత్యేకంగా కోడ్ రాయాలి, ప్యాకేజీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ కోడ్ విరుగుతుంది. ఏ బల్ల దగ్గర ఎన్నాళ్ళు ఆగిందో మూడు నెలలు నడిచాక సిస్టమే చెప్తుంది. నలభై ఫైళ్ళు తిరగెయ్యక్కర్లేదు.

ముందుగా చేసి తీరాల్సింది డేటా శుభ్రం. "బోల్టు ఎం16×60", "16 ఎంఎం హెక్స్ బోల్టు 60", "హెక్స్ బోల్టు ఎం-16" మూడు కోడ్‌లుగా ఉంటే, ఒకదాంట్లో నిల్వ ఉండగానే ఇంకోదానికి ఇండెంట్ లేస్తుంది. బిల్లు నంబర్లూ అంతే. "112/24", "0112-24" రెండూ వేరని సిస్టమ్ అనుకుంటుంది, ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు పోతుంది. గీతలు, ముందున్న సున్నాలు తీసేసి పోల్చే తనిఖీ పెట్టించండి.

మారే రోజున అన్నిటికంటే చిక్కు, సరుకు వచ్చి బిల్లు రాని పద్దు. పీఓల్లో మిగిలిన పరిమాణమే ఎక్కించాలి. వచ్చేసిన సరుకుకి పాత పుస్తకంలో కడతారా, కొత్తదాంట్లోనా అన్నది బిల్లు వారీగా జాబితా రాసి సంతకాలు తీసుకోండి. రిజిస్టరూ సిస్టమూ రెండూ నడిపే కాలం ఒక్క నెలాఖరు దాటకూడదు. దాటితే జనం రిజిస్టర్‌నే నమ్ముతారు, సిస్టమ్‌లోకి సాయంత్రం పూట కాపీ కొడతారు.

డాబాగార్డెన్స్ ఆడిట్
"మూడు నెలలు నడిచాక" అంటున్నారు. ఒకసారి లాగిన్ హక్కు ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఎంత రభసో చూశారా? అలవాటైన స్క్రీన్‌ని ఎవరూ వదలరు. హక్కులు మొదటి రోజే సరిగ్గా ఉండాలి, టాలరెన్స్‌లు తర్వాత దిద్దుకోవచ్చు.

పరవాడ స్టోర్స్
రాత్రి పూట బేరింగ్ పోతే? ఫోన్ మీద తెప్పిస్తాం, పీఓ మర్నాడు. ఫోర్డ్ గుమాస్తా అయితే వెనక్కి పంపేస్తాడు, మేం పంపితే యూనిట్ ఆగుతుంది.

సీతమ్మధార ఇంప్లిమెంటేషన్
తరచూ పోయే సరుకులకి ఏడాది రేటు కాంట్రాక్టు పెట్టుకోండి, అప్పుడు షిఫ్ట్ ఇంజనీరే రాత్రి రిలీజ్ ఆర్డర్ తీస్తాడు. మిగతావాటికి "అత్యవసర పీఓ" అని వేరే రకం. దానికి విలువ హద్దు, కారణం కోడ్, 24 గంటల్లో ఆమోదం ఉండాలి. నెలకోసారి ఏ విభాగం ఎన్ని వాడిందో ప్లాంట్ హెడ్ బల్ల మీద పడాలి. జాబితా బయటికొస్తే అత్యవసరాలు వాటంతటవే తగ్గుతాయి.

ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్
కరెంటో నెట్టో పోతే గేటు దగ్గర ఏటి చేస్తారు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక ఈ ఊళ్ళో రోజుల తరబడి ఫోనూ లేదు, కరెంటూ లేదు.

దువ్వాడ ప్రాసెస్
వరస నంబర్లు అచ్చేసిన మూడు కాపీల పుస్తకం ఒకటి గేటు దగ్గర, ఒకటి కాటా దగ్గర ఉంచాలి. సిస్టమ్ లేచాక అదే నంబరుతో ఎక్కించాలి. సరుకు వచ్చిన తేదీ వేరు, ఎంట్రీ తేదీ వేరు, స్క్రీన్‌లో రెండు గడులూ ఉండాలి. ఒక్కటే ఉంటే ఆ 45 రోజుల లెక్క తప్పుతుంది. పుస్తకంలో మధ్య నంబరు ఒకటి లేకపోతే ఆడిట్ గారు చూసుకుంటారు.

డాబాగార్డెన్స్ ఆడిట్
చూసుకుంటాను. ఏప్రిల్ 1 మీద మాత్రం ఇంకో మాట. ఓపెనింగ్ బ్యాలెన్సులకి బావుంటుంది గానీ, ఎకౌంట్స్ వాళ్ళు సంవత్సరాంతంలో మునిగి ఉంటారు. జూలై 1 అయితే నయం. మారే ముందు రెండు రోజులు స్టోర్స్ మూసి నిల్వ లెక్కపెట్టాలి, విలువైన సరుకులన్నీ, చిన్నవాటిలో నమూనాకి. లెక్కపెట్టేవాళ్ళు స్టోర్స్ మనుషులు కాకూడదు.

ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్
ఆ రెండు రోజులు ఎప్పుడో వారం ముందు చెప్పండి బాబూ. గేటు బయట లారీ ఆగితే హాల్టింగ్ ఛార్జీ మా నెత్తినే.