రాని డబ్బు వచ్చినట్టు పుస్తకంలో రాయనన్నందుకు సంఘంలో కొందరికి గిట్టడం లేదు. ఏం చెయ్యాలి?

వేగావతి_ఒడ్డు (అడిగినవారు):

బొబ్బిలి వైపు పల్లె మాది. పదిమంది ఉన్న డ్వాక్రా సంఘంలో రెండో లీడర్ని, పుస్తకాలు నా దగ్గరే ఉంటాయి. ఈ నెల ఒకావిడ బ్యాంకు అప్పు వాయిదా కట్టలేక "కట్టినట్టు రాసీ, వచ్చే నెల సర్దేస్తాను" అంది. రాయనన్నాను. అప్పట్నుంచి ముగ్గురు మాటలు మానేశారు. బోరింగు దగ్గర నాకు వినపడేలా "ఈయమ్మకి గీర ఎక్కువైపోనాది, ఏటి కలెక్టరనుకుంటందా" అంటున్నారు. మిగతావాళ్లేమో "పోనీ రాసేస్తే పోయేది కదా" అంటున్నారు.

తప్పు రాయడం నా వల్ల కాదు, రాయను కూడా. అలాగని పొద్దున్న లేస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సినవాళ్లం. నా తీరు మార్చుకోకుండా ఈ మాటల మధ్య నెగ్గుకురావడం ఎలాగో తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_చిట్టా:

అమ్మా, మనుషుల సంగతికి తర్వాత వద్దాం, ముందు ఆ వాయిదా సంగతి తేలాలి.

మనిషికి నెలకి 1,800 అనుకుందాం. పదిమందికి 18,000. ఒకరు కట్టకపోతే మీటింగులో చాప మీద ఉండేది 16,200. పుస్తకంలో 18,000 వచ్చినట్టు రాస్తే బ్యాంకు స్లిప్పు మీద మాత్రం 16,200 ఉంటుంది. ఆ తేడా బయటపడ్డ రోజు పుస్తకం రాసిన చేతినే అడుగుతారు. సర్దేస్తానన్న మనిషిని ఎవరూ అడగరు. పైగా వచ్చే నెల ఆవిడ 3,600 తేవాలి. ఒక్క వాయిదాకే చెయ్యి ఆడని మనిషి రెండు ఎక్కణ్ణుంచి తెస్తుంది? అందుకే మొదటి నెల రాసిన అబద్ధం మూడో నెల దాకా సాగుతుంది. బాకీ 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండిబాకీ కింద వేస్తుంది, తర్వాతి అప్పు పదిమందికీ ఆగిపోతుంది. రాయననడంలో నీ తప్పేం లేదు.

కానీ రాయనని అక్కడితో ఊరుకుంటే ఆవిడకి దిక్కేది? సంఘంలో పొదుపు డబ్బు ఉన్నది ఇందుకే కదా. పొదుపులోంచి ఆవిడకి 1,800 అంతర్గత అప్పు ఇవ్వండి. నూటికి రూపాయి వడ్డీ, రెండు వాయిదాలు. మొదటి నెల 900 అసలు, 18 వడ్డీ. రెండో నెల 900 అసలు, 9 వడ్డీ. ఆవిడకి పడేది 27 రూపాయలు. బ్యాంకులో 18,000 పూర్తిగా పడుతుంది, ఆవిడ పరువు నిలుస్తుంది, నీ పుస్తకంలో ప్రతి అంకె నిజమే అవుతుంది. మీ సంఘంలో వడ్డీ వేరేగా ఉంటే ఆ లెక్కనే వెయ్యండి.

తీర్మానం ఇలా రాయి: "ఫలానా సభ్యురాలు ఈ నెల వాయిదాకి ఇబ్బంది ఉందని తెలిపినందున, సంఘం పొదుపు నుంచి 1,800 రూపాయలు అప్పుగా ఇవ్వడానికి సభ్యులందరూ ఒప్పుకున్నారు. తిరిగి చెల్లింపు రెండు నెలలు." దాని కింద కొత్త అప్పు ఆవిడ పేరు మీద ఎక్కాలి, వాయిదా కట్టినట్టూ ఎక్కాలి. రెండు ఎంట్రీలూ అదే రోజు పడాలి. ఒకటి రాసి రెండోది రేపు చూద్దామనుకుంటేనే లెక్క తప్పేది.

తప్పు పడితే వైట్‌నర్ పూయొద్దు. పాత అంకె కనపడేలా ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన ఇద్దరు లీడర్లూ సంతకం పెట్టండి. వేలిముద్ర వేసేవాళ్లకి ఆ పేజీ పైకి చదివి వినిపించాకే ముద్ర వేయించు. ఆఖరి లైను కింద ఖాళీ వదలకుండా అడ్డగీత కొట్టు.

ఇంకొకటి. మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, టైముకి చెల్లింపు, పుస్తకాలు అని పంచసూత్రాలు మీ సంఘంలో పాతవాళ్లకి నోటికి వచ్చే ఉంటాయి. 2000లో వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అప్పట్నుంచీ మన ఊళ్లలో నలుగుతున్న పద్ధతే ఇది, నువ్వు కొత్తగా పెట్టిందేం కాదు. ఆ మాట నువ్వు అనకు. పాత సభ్యురాలు ఎవరైనా మీటింగులో అంటే బాగుంటుంది.

పెదచెరువు_గట్టు:

పైన చెప్పింది లెక్క. నేను చెప్పేది మాట సంగతి, ఎందుకంటే చాలా చోట్ల బెడిసికొట్టేది ఇక్కడే.

కాదనే మాట మీటింగులో అందరి ముందూ అనొద్దు. ఆవిడ ఇంటి గుమ్మంలో అత్తగారు వింటుండగా అసలే వద్దు. మీటింగుకి ముందు రోజు, ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు, చిన్నగా అను: "వదినా, నీకు ఇబ్బందని తెలుసు. కట్టినట్టు మాత్రం రాయలేను. రేపు అప్పుగా అడుగు, నీ తరపున ముందు నేనే మాట్లాడతాను." అంతే. నాలుగో వాక్యం వద్దు. బ్యాంకు ఏమంటుంది, ఊళ్లో సంఘాల పని చూసే యానిమేటరు ఏమంటుంది అని కారణాలు పేర్చుకుంటూ పోతే ప్రతి కారణానికీ ఆవిడ దగ్గర ఒక జవాబుంటుంది, అరగంటలో బేరంలోకి దిగిపోతావు. "ఏమనుకోకు" అని నాలుగుసార్లు అంటే తప్పు నీదేనని నువ్వే ఒప్పుకున్నట్టు అవుతుంది. "పోయిన ఏడాది ఫలానా ఆవిడ కూడా ఇలాగే చేసింది" అని ఇంకొకరి పేరు తెచ్చావా, సాయంత్రానికి ఇంకో ఇంటితో పడదు.

ఇక బోరింగు దగ్గర మాటలు. విననట్టు నటించకు. చివుక్కుమన్నది నీ ముఖంలో వాళ్లకి తెలిసిపోతుంది. బిందె దించి తిన్నగా ఒక్కటే అడుగు: "లెక్కలో తేడా ఉందా అక్కా? ఏ నెలది? ఏ పేజీ? ఇప్పుడే తెస్తాను." గొంతు పెంచకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడుగు. నెల, పేజీ చెప్తే అది ఫిర్యాదు. ఆ రోజే పుస్తకం తీసి చూపించు, తప్పుంటే దిద్దు. నెలా లేదు పేజీ లేదు, "నీకు గీర" అంటే మాత్రం దానికి నువ్వు దిద్దగలిగిందేమీ లేదు. నీళ్లు పట్టుకుని వచ్చెయ్యి.

వాట్సాప్ గ్రూపులో జవాబు పెట్టకు. పేరు రాయకుండా స్టేటస్ పెట్టడం ఇంకా ప్రమాదం. ముగ్గురిని ఉద్దేశించి పెడితే ఏడుగురు తమ మీదే అనుకుంటారు.

పలాస_జీడితోట:

అందరూ నువ్వు చేసింది కరెక్టే అంటున్నారు. కరెక్టే. అయినా ఒకమాట చెప్తాను, కోపం తెచ్చుకోకు చెల్లెమ్మా. వాళ్లకి గిట్టనిది నీ నిజాయితీయా, నీ తీరా అన్నది నువ్వే చూసుకోవాలి. నిజాయితీ మార్చుకోవాల్సిన పని లేదు. తీరు మార్చుకుంటే నువ్వు నువ్వు కాకుండా పోవు.

మీటింగులో బాకీ ఉన్నవాళ్ల పేర్లు మాత్రమే చదువుతున్నావా? అలా చదివితే అది లెక్క కాదు, నలుగురిలో నిలబెట్టడం. పుస్తకంలో ఉన్న వరసలోనే పదిమంది పేర్లూ, పదిమంది అంకెలూ చదవాలి, నీది కూడా. నీ వాయిదా చాప మీద అందరికంటే ముందు పెట్టాలి. మీ అత్తగారో తోటికోడలో అదే సంఘంలో ఉంటే రెండోది వాళ్లది. మీ ఇంటివాళ్లకి ఒక్క రోజు వెసులుబాటు ఇచ్చినా పై నెలలో నీ మాటకి విలువుండదు. డబ్బు నువ్వొక్కదానివే లెక్కపెట్టొద్దు. 500 నోట్లు ఒకరు, 100 నోట్లు ఒకరు, చిల్లర ఒకరు లెక్కపెట్టాలి. నీతో మాట్లాడని ఆ ముగ్గురిలో ఒకరి చేతికే 500 కట్ట ఇవ్వు. నోట్లు లెక్కపెడుతూ పక్కనున్న మనిషితో మాట్లాడకుండా ఉండటం కష్టం.

రాకపోకలు మానొద్దు. వాళ్లింట్లో పెళ్లయితే వెళ్లు, చావైతే తప్పకుండా వెళ్లు. పైడితల్లమ్మ పండక్కి నలుగురినీ పిలిచేటప్పుడు ఆ ముగ్గురిళ్లకీ వెళ్లి బొట్టుపెట్టి పిలు. రావడం రాకపోవడం వాళ్లిష్టం. ఆ గుమ్మంలో నిలబడి లెక్క ఊసు మాత్రం ఎత్తకు, పిలవడానికి వచ్చావో సంజాయిషీకి వచ్చావో వాళ్లకి తెలియకుండా పోతుంది.

వంశధార_నీళ్లు:

ఎవరూ ముట్టుకోని కోణం ఒకటుంది. ఎక్కువమంది ఒక్కటై "రాసేయాల్సిందే" అంటే ఏం చేస్తావు?

ఈ విషయంలో మన నేల మీదే దారి ఉంది. వాడుకభాష కోసం నిలబడినప్పుడు గురజాడకీ గిడుగుకీ పండితుల్లో ఎంతమంది ఎదురో తెలిసిందే. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం సంఘంలో తన మాట నెగ్గనప్పుడు గురజాడ అలిగి ఊరుకోలేదు, తన అసమ్మతిని వివరంగా రాసి ఇచ్చారు. మరుసటి ఏడాదే ఆయన పోయారు, రాసింది మిగిలింది. మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు, 1940లో పోయేదాకా ఆ పని వదల్లేదు. తనని ఆడిపోసుకున్నవాళ్లకి ఆయన చూపించింది పాత కావ్యాల్లోంచీ, ఎదుటివాళ్ల రాతల్లోంచీ ఏరిన ఉదాహరణలు.

కాబట్టి నువ్వూ రాయించు. తీర్మానం పుస్తకంలో ఒక్క వాక్యం చాలు: "వాయిదా రాకుండా వచ్చినట్టు రాయడానికి రెండో లీడరు ఒప్పుకోలేదు." కింద తేదీ, నీ సంతకం. వసూళ్ల పేజీ మీద మాత్రం సంతకం పెట్టకు. ఆ వాక్యం పుస్తకంలోకి ఎక్కుతుందంటే చాలామంది వెనక్కి తగ్గుతారు, ఎందుకంటే అది రేపు ఎవరు చదివినా అర్థమయ్యే మాట. ఆ రోజే ఊళ్లో సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యలో యానిమేటరుకి చెప్పు. అక్కడ పని కాకపోతే ఆ పైన సంఘాలని చూసుకునే సీసీకి (కమ్యూనిటీ కోఆర్డినేటరుకి). మధ్యవర్తుల ద్వారా కబురు పంపకు, మాట మారిపోతుంది.

విసుగొచ్చి పుస్తకాలు వాళ్ల ముఖాన పడేసి రావాలని ఉంటుంది. నెల మధ్యలో ఆ పని చెయ్యకు. నువ్వు వదిలేసిన రోజు నుంచి దొరికిన ప్రతి తేడా నీ నెత్తినే పడుతుంది. మానాలనుకుంటే వాయిదా బ్యాంకులో పడ్డాక, పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించాక, చేతిలో ఉన్న నగదు, ఎవరెవరి బాకీ ఎంతో ఒక పేజీలో రాసి పదిమందితో సంతకం చేయించుకుని అప్పగించు. ఆ పేజీ ఫోటో తీసి దగ్గర పెట్టుకో. లీడర్లని రెండేళ్లకోసారి మార్చుకోవడం మామూలే కాబట్టి అప్పుడైతే ఎవరూ తప్పు పట్టరు.

వేగావతి_ఒడ్డు:

అందరికీ దణ్ణాలు. జీడితోట అక్కా, నిజమే, నేను బాకీ ఉన్నవాళ్ల పేర్లే చదువుతున్నాను. టైము కలిసొస్తుందని అలా చేశాను, అది గుచ్చుకుంటుందని తట్టలేదు. ఈసారి వరసలో అందరివీ చదువుతాను. ఒక్క అనుమానం: ఆవిడ మీటింగులో నోరు తెరిచి అప్పు అడగడానికి సిగ్గుపడితే?

లెక్కల_చిట్టా:

అడగనక్కర్లేదమ్మా. చెల్లింపులు మొదలవకముందు "ఈ నెల అంతర్గత అప్పు ఎవరికి కావాలి" అని అందరినీ కలిపి అడుగు, ప్రతి నెలా అడుగు. చెయ్యెత్తితే చాలు. ముందు రోజు ఇంకెవరికైనా అవసరం ఉందేమో కనుక్కుని ఉంటే ఆవిడ ఒక్కతే చెయ్యెత్తినట్టు అవదు. పొదుపు ఖాతాలో ఎంత ఉందో ఆ పొద్దున్నే పాస్‌బుక్ చూసుకుని వెళ్లు. ఇద్దరు ముగ్గురు అడిగితే సరిపోవాలి కదా.