బీపీ మిషన్ అసలు పేరు ఎలా పలకాలి, ఎక్కడ విడగొట్టాలి?

నర్సింగ్ ఫస్టియర్:
అందరికీ నమస్తే అండీ. ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి, బీపీ మిషన్ చూపించి పేరు చెప్పమంటారట. సీనియర్స్‌లో ఒకక్క స్ఫిగ్మోమానోమీటర్ అంటది, ఇంకో అక్క స్పిగ్మో అని అక్కడితో మింగేస్తది, వీడియోల్లో ఫారిన్ వాళ్లు చెప్తుంటే మీటర్ అన్న ముక్కే వినపడట్లేదు. ఎన్ని సిలబుల్స్ అసలు? రికార్డులో లైన్ చివర పట్టకపోతే ఎక్కడ విరవాలి?

పాత ట్యూటర్:
ఆరమ్మా. స్ఫిగ్-మో-మ-నా-మి-టర్. నొక్కి పలకాల్సింది "నా" దగ్గర, మిగతావి తేలిగ్గా వదిలెయ్యాలి. మనం అన్నీ సమానంగా పలుకుతాం కాబట్టి మీటర్ గట్టిగా వస్తది. థర్మామీటర్ కూడా వాళ్ల నోట్లో థర్మామిటరే, బారామిటర్, స్పీడామిటర్ అంతే. కొలిచే పరికరాలకి ఇలా, సెంటీమీటర్ లాంటి కొలతలకి మాత్రం మీటర్ మీటర్‌లాగే ఉంటది. కిలోమీటర్ ఒక్కటే తేడా, వాళ్లే రెండు రకాలుగా అంటారు.

ల్యాబ్ బాబాయ్:
మొదట్లో స్పి అనకండి, ఫ్యాన్‌లో ఫ లాగా పలకాలి. స్ఫూర్తి, స్ఫటికం రాసే మనకి ఆ ఒత్తు కొత్తేం కాదు. గ్ కూడా వినపడాలి. కఫానికి ఇంగ్లీష్‌లో ఫ్లెమ్ అంటాం కదా, దాని స్పెల్లింగ్‌లో జీ ఉన్నా పలకరు, అది చూసి ఇక్కడా కొందరు మింగేస్తారు.

ప్రూఫ్ రీడర్:
విరవడం దగ్గర చిన్న తిరకాసు ఉంది. గ్రీకులో స్ఫిగ్మోస్ అంటే నాడి, మానోస్ పలచన, మెట్రాన్ కొలత, అంటే అతుకులు స్ఫిగ్మో, మానో, మీటర్ దగ్గర. కానీ అమెరికన్ డిక్షనరీలు పలుకుబడిని బట్టి విడగొడతాయి, అందుకని ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో మీటర్‌లోని ఎమ్ అక్షరం వెనక్కి జరిగి "నామ్"లో కలిసిపోతది (sphyg-mo-ma-nom-e-ter). స్ఫిగ్మో తర్వాత గీత పెట్టండి, రెండు లెక్కల్లోనూ చెల్లుద్ది. పేరులో నాడి ఎందుకంటారా, 1896లో ఇటలీ డాక్టర్ రివా-రోచ్చి చేతిపట్టీ పెట్టినప్పుడు కూడా మణికట్టు దగ్గర వేలు పెట్టి నాడి ఎప్పుడు ఆగిందో చూసేవాళ్లు, స్టెతస్కోప్‌తో వినడం రష్యా డాక్టర్ కొరోట్కోవ్ 1905లో చెప్పాకే.

నర్సింగ్ ఫస్టియర్:
చాలా థాంక్సండీ. డిజిటల్‌ది చూపించినా ఇదే పేరా?

పాత ట్యూటర్:
ఇదే. పాదరసంది, డయల్ ఉండే అనరాయిడ్, డిజిటల్ అన్నీ. ఏ రకమో కూడా ముందు కలిపి చెప్పు, మార్కు పోదు.