అమెరికా గ్రీన్‌కార్డుకు కంపెనీ పెర్మ్ కోసం ఆగాలా, సొంతంగా ఎన్ఐడబ్ల్యూ వేసుకోవాలా?

తిరుచానూరు వాసి:
మా తమ్ముడు ఎస్వీయూలో బీటెక్, రెండేళ్లు రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పని, తర్వాత అమెరికాలో ఎంఎస్. ఇప్పుడు టెక్సస్‌లో హెచ్-1బి వర్క్ వీసా మీద నాలుగో ఏడు, బ్యాటరీ టెస్టింగ్ ఉద్యోగం. కంపెనీ వాళ్లు పెర్మ్ (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ లేబర్ శాఖ నుంచి తీసుకునే అనుమతి) పెడతామంటూ నాన్చుతున్నారు. ఎన్ఐడబ్ల్యూ (చేసే పని దేశానికి మేలు అని చూపి, కంపెనీ లేకుండా వేసుకునే దరఖాస్తు) సొంతంగా వేస్తే గ్రీన్‌కార్డు తొందరగా వస్తుందంట, నిజమేనా అన్నా? తిరుపతిలో తీయాల్సిన కాగితాలుంటే నేను తిరిగి తెస్తా.

బైరాగిపట్టెడ:
తొందరగా రాదు. రెండూ ఈబీ-2 (పై చదువులున్న ఉద్యోగుల గ్రీన్‌కార్డు కేటగిరీ) క్యూనే, ఇండియాలో పుట్టినవాళ్లకు అది పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. తేడా ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మన స్థానం తేల్చే తేదీ, ఎప్పుడు పడుతుందన్న దగ్గరే. పెర్మ్‌లో ముందు ఆ ఉద్యోగానికి ఎంత జీతం ఇవ్వాలో లేబర్ శాఖ నిర్ణయం రావాలి, తర్వాత రెండు ఆదివారాలు పేపర్ ప్రకటనలు, 30 రోజుల జాబ్ ఆర్డర్ (రాష్ట్ర ఉపాధి సంస్థ దగ్గర ఉద్యోగ ప్రకటన). ఇవన్నీ అయ్యి పెర్మ్ దరఖాస్తు అయిన 9089 ఫారం లేబర్ శాఖకు చేరిన రోజే డేట్. ఎన్ఐడబ్ల్యూకి ఇవేవీ లేవు, ఐ-140 (గ్రీన్‌కార్డు పిటిషన్) ఇమిగ్రేషన్ శాఖకు చేరిన రోజే డేట్. కానీ అది అప్రూవ్ అయితేనే నిలుస్తుంది. ఆ తర్వాత కంపెనీ పెర్మ్ వచ్చినా పాత డేట్ దానికి వాడుకోవచ్చు. అందుకే రెండూ వేయడం మేలు. పెర్మ్ ఉంటే ఈబీ-3లోకి (ఈబీ-2 కింది కేటగిరీ) మారే దారి కూడా ఉంటుంది, ఎన్ఐడబ్ల్యూతో అది కుదరదు.

పెర్మ్ లాయర్ ఫీజు, ప్రకటనల ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి. జీతంలో కోస్తే నిబంధనకు విరుద్ధం, ఒప్పుకోవద్దు.

గ్రీమ్స్‌పేట చిత్తూరు:
హెచ్-1బి మామూలుగా ఆరేళ్లే, ఆ లెక్క మర్చిపోవద్దు. ఆరో ఏడు దాటి ఏడాది పొడిగింపు కావాలంటే పెర్మో, ఐ-140నో వేసి 365 రోజులు కావాలి. ఐ-140 అప్రూవ్ అయి, డేట్ కరెంట్ కాకపోతే (క్యూలో ఇంకా వంతు రాకపోతే) మూడేళ్ల పొడిగింపు వస్తుంది, అది సొంత ఎన్ఐడబ్ల్యూ అయినా సరే. నాలుగో ఏట ఉన్నాడు కాబట్టి ఇంక ఆగకూడదు.

ఎన్ఐడబ్ల్యూ ఎక్కడ పోతుందంటే, 2016 ధనసర్ తీర్పులోని (ఎన్ఐడబ్ల్యూ ఎవరికివ్వాలో చెప్పిన తీర్పు) మొదటి షరతు దగ్గర. "బ్యాటరీలు దేశానికి అవసరం" అని పేజీలు నింపుతారు. అధికారి అడిగేది ఆ రంగం గొప్పతనం కాదు, ఇతను చేయబోయే ఫలానా పని వల్ల తన కంపెనీ బయట ఎవరికి మేలు అని. ఏ లోపాన్ని ఏ పరీక్షతో పట్టుకుంటాడు, దాన్ని ఎవరు వాడుతున్నారు, ఇవి కాగితం మీద ఉండాలి. సిఫారసు లేఖలన్నీ పాత బాసులవే, అదీ ఒకే మాటల్లో ఉంటే బలం ఉండదు. తొందరగా చూడమని ప్రీమియం ఫీజు కడితే 45 పనిదినాల్లో ఏదో ఒక స్పందన వస్తుంది, అది అప్రూవలే కానక్కర్లేదు.

తిరుచానూరు వాసి:
అయితే రేణిగుంట అనుభవం పనికొస్తుందా?

బైరాగిపట్టెడ:
ఎంఎస్ ఉంది కాబట్టి ఈబీ-2 అర్హతకు అక్కర్లేదు. పెర్మ్‌లో మాత్రం ఉద్యోగానికి అనుభవం అడిగితే, అదే కంపెనీలో అదే పనిలో సంపాదించింది మామూలుగా లెక్కకు రాదు. అప్పుడు రేణిగుంటదే ఆధారం. రిలీవింగ్ లెటర్ చాలదు, అందులో హోదా, తేదీలు మాత్రమే ఉంటాయి. లెటర్‌హెడ్ మీద చేసిన పనుల వివరం, ఫుల్‌టైమ్ అన్న మాట, సంతకం చేసినవారి పేరు, హోదా ఉండాలి. హెచ్‌ఆర్ ఇవ్వకపోతే అప్పటి సూపర్‌వైజర్ చేత అఫిడవిట్ రాయించండి. ఎస్వీయూ నుంచి మార్కుల మెమోలు, ఒరిజినల్ డిగ్రీ తీసి, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా చూడండి. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు పడిందో లేదో కూడా ఇప్పుడే చూసి, లేకుంటే చేర్పించే పని మొదలుపెట్టండి.