వాన చప్పుడు వినబడితే మా ఆయన మెట్ల మీద నుంచి లేవట్లేదు, నేను చేసేది కరెక్టేనా?

సింగ్‌నగర్ ఇల్లాలు:

నమస్తే అండీ. కొంచెం పెద్ద పోస్టు, విసుక్కోకుండా చదవండి. మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి నీళ్లు వచ్చినప్పుడు పిల్లాడితో సహా అయిదు రోజులు డాబా మీదే ఉన్నాం. కరెంటు లేదు, కింద ఇంట్లో పీకల్దాకా నీళ్లు. పక్క వీధిలో ఒంటరిగా ఉండే తాతగారిని తీసుకొద్దామని మా ఆయన ఈదుకుంటూ వెళ్లారు. ఒక్కరే తిరిగొచ్చారు. ఆ మధ్యలో ఏం జరిగిందో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొదట్లో మామూలుగానే ఉన్నారు. బురద ఎత్తిపోశారు, ప్రభుత్వం ఇచ్చే 25,000 కోసం సచివాలయం చుట్టూ తిరిగారు, పాడైన సామాన్లు రిపేరు చేయించారు. సంక్రాంతి వెళ్లాక మొదలైంది. ఆటోనగర్‌లో లేత్ పని, ఇప్పుడు వారంలో మూడు రోజులు కూడా వెళ్లట్లేదు. నిద్ర లేదు, తిండి మీద ధ్యాస లేదు. చినుకు పడితే చాలు, టార్చిలైటు పట్టుకుని మెట్ల మీద కూర్చుని తెల్లారేదాకా వీధి కాలువ వంకే చూస్తుంటారు. మొన్న పిల్లాడు బకెట్ నిండినా కుళాయి కట్టలేదని అరిచేసి, తర్వాత బాత్రూంలో కూర్చుని ఏడ్చారు.

సూర్యారావుపేటలో డాక్టర్ గారికి చూపిస్తే డిప్రెషన్, దాంతోపాటు పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన ఘటన తర్వాత మనసుని పట్టుకునే జబ్బు, అన్నారు. డిప్రెషన్‌కి వాడే సెర్ట్రాలిన్ మాత్రలు రాశారు. వికారంగా ఉందని పది రోజులకే మానేశారు, నెల కావస్తోంది. మా అత్తగారేమో గాలి సోకింది, పెదకాకాని తీసుకెళ్దాం అంటున్నారు. మా మరిది మగాడన్నాక గట్టిగా ఉండాలి అంటాడు. నేను మాత్రం వాన పడితే టీవీ సౌండు పెంచుతున్నా, తుఫాను వార్త రాగానే చానెల్ మార్చేస్తున్నా, ఎక్కడికి వెళ్లినా బుడమేరు వంతెన తగలకుండా ఆటోని చుట్టూ తిప్పిస్తున్నా. ఎంత చేసినా ఇంకా ముడుచుకుపోతున్నారు.

పాజిటివ్ బెజవాడ:

పొద్దున్నే గంటసేపు ప్రాణాయామం చేయించండి మేడమ్, ఇవన్నీ మనసు బలహీనత వల్లే వస్తాయి.

బ్రాడీపేట సిస్టర్:

పైన సలహా ఇచ్చినాయనకి దండం. నిండు వరదలో ఇంకొకరి కోసం ఈదుకుంటూ వెళ్లిన మనిషి మనసు బలహీనమా?

అమ్మా, నేను గుంటూరులో నర్సుని, సైకియాట్రీ వార్డులో కొన్నేళ్లు చేశాను. సెర్ట్రాలిన్ మొదలుపెట్టిన వారం, రెండు వారాలు వికారం, కడుపులో తిప్పడం చాలామందికి ఉంటుంది, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే ఈయన ఇబ్బందంతా పడి, ఫలితం రాకముందే మానేశారన్నమాట. డాక్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పండి, తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు, లేదా వేరే మందు రాస్తారు. మీ అంతట మీరు పాత స్ట్రిప్ తీసి వేయకండి. నిద్రకోసం మెడికల్ షాపులో అల్ప్రాజోలం అడిగి తెచ్చుకోవడం అస్సలు వద్దు, అది అలవాటవుతుంది, పీటీఎస్‌డీని తగ్గించదు.

మందు ఒక్కటే చాలదు. జరిగినదాన్ని భయం లేకుండా తలుచుకునేలా చేసే కౌన్సెలింగ్ ఉంటుంది, ట్రామా మీద శిక్షణ ఉన్న సైకాలజిస్టు కావాలని అడగండి. ఖర్చు ఇబ్బందైతే జీజీహెచ్‌లో, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, మానసిక వైద్యం ఓపీ ఉంది.

టీవీ సౌండు పెంచడం, వంతెన తప్పించడం ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. కానీ తప్పించిన ప్రతిసారీ అది నిజంగా ప్రమాదమే అని ఆయన బుర్రకి మీరు సంతకం పెట్టి ఇస్తున్నట్టు.

ఇంకో మాట. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని ఆయన్ని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా జరగదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మాత్రలు మీ దగ్గరే ఉంచుకోండి, ఇంట్లో పురుగుమందు లాంటివి ఉంటే తీసేయండి. 14416 టెలీ మానస్ నంబరు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రిపూట కూడా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు, మీరూ చేయొచ్చు.

కాజ టోల్‌గేట్ డ్రైవర్:

చెల్లెమ్మా, నేను అవతలి పక్కనుంచి చెబుతా. లారీ నడిపేవాణ్ణి, హైవే మీద యాక్సిడెంట్ అయ్యింది, నా క్లీనర్ పోయాడు. ఏడాదిన్నర పాటు బ్రేకు చప్పుడు వింటే ఒళ్లంతా చెమటలు. సిస్టర్ గారు చెప్పింది నిజమే కానీ దయచేసి మీరే ఆయన్ని బలవంతంగా వంతెన మీదకి తీసుకెళ్లకండి, మా బావమరిది నన్ను అలాగే భయం పోతుందని లారీ ఎక్కించాడు, మూడు వారాలు మంచం దిగలేదు. తర్వాత సైకాలజిస్టు చేయించిందీ అదే పని, కాకపోతే మొదట ఇంజన్ ఆఫ్ చేసిన బండిలో ఊరికే కూర్చోవడం, ఇరవై నిమిషాలు, అంతే. కాజ దాకా నడపడానికి నాలుగు నెలలు పట్టింది.

మా ఆవిడ మొదట్లో ఏమైంది, ఏం గుర్తొచ్చింది అని తెగ అడిగేది, అడిగిన కొద్దీ నాకు కోపం వచ్చేది. తర్వాత అడగడం మానేసింది. నాకు అలా అయినప్పుడు చల్లటి నీళ్ల గ్లాసు, స్టీలుది, చేతిలో పెట్టి "ఇది మనిల్లు, ఇవాళ శుక్రవారం, కూర దొండకాయ" అనేది. మీకు నవ్వొస్తుందేమో కానీ ఆ దొండకాయ అన్న మాటకే నేను హైవే మీద నుంచి ఇంట్లోకి వచ్చిపడేవాణ్ణి.

తెనాలి కోడలు:

అత్తగారితో గొడవ పెట్టుకోకండి అక్కా. పెదకాకాని వెళ్లాలంటే వెళ్లిరండి, కాకపోతే మాత్రలు కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి. మీ మరిదిని ఒకసారి డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకెళ్లండి, మనం చెబితే వినరు, డాక్టర్ చెబితే వింటారు. మా ఇంట్లో అలాగే దారికొచ్చారు. మీరు నిద్రపోతున్నారా అసలు? దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

సింగ్‌నగర్ ఇల్లాలు:

అందరికీ థాంక్సండీ. తెనాలి చెల్లీ, నిద్ర లేదు, నువ్వు అడిగేదాకా నాకే తట్టలేదు.

రాత్రి వాన పడింది. టీవీ కట్టేశాను. రెండు గ్లాసుల్లో టీ పోసుకుని వెళ్లి నేనూ మెట్ల మీద కూర్చున్నా, ఏమీ అడగలేదు. చాలాసేపటికి ఆయనే, "తాతగారి చొక్కా బొత్తాం ఒకటి నా చేతిలో ఉండిపోయిందే" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు. కాసేపటికి వాన ఉండగానే లోపలికొచ్చి పడుకున్నారు. పొద్దున సిస్టర్ గారు చెప్పిన ప్రశ్న కూడా అడిగేశాను. అప్పుడప్పుడు బతకడం ఎందుకనిపిస్తుంది కానీ చేసుకోవాలని లేదన్నారు, చేతులు వణికాయి నాకు. ఆ మాట డాక్టర్ గారితో చెప్పడానికి ఒప్పుకున్నారు. ఫోన్ చేస్తే ఇవాళ సాయంత్రానికే రమ్మన్నారు, మరిది కూడా వస్తున్నాడు. మాత్ర పొద్దున వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా అనేది కూడా చీటీ మీద రాసిపెట్టుకున్నా, వెళ్లొచ్చాక చెబుతా.