ఏడాదిన్నర పిల్లాడికి బియ్యం, పప్పులు ఆడుకోవడానికి ఇవ్వొచ్చా?

నిజాంపేట అమ్మ
మా బాబుకి ఏడాదిన్నర. హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో ఉంటాం. నాది మధ్యాహ్నం షిఫ్టు, నేను వెళ్లాక రాత్రి దాకా మా అత్తగారే చూసుకుంటారు. ఈ మధ్య అందరూ సెన్సరీ ప్లే అంటున్నారు కదా, అదే, తాకి, చూసి, వాసన పట్టి తెలుసుకునే ఆటలు, నేనూ మొదలుపెట్టాను. టబ్బులో రంగు కలిపిన బియ్యం, కొంచెం పెసలు, శనగలు పోసి గిన్నెలూ గరిటెలూ ఇచ్చాను. వాడు చాలాసేపు కదలకుండా ఆడుకున్నాడు, ఫోన్ ఊసే ఎత్తలేదు. అత్తగారు మాత్రం "తినే బియ్యంతో ఆటలేంటి" అని ముఖం మాడ్చుకున్నారు. మీ ఇళ్లల్లో ఎవరైనా చేస్తున్నారా? ఏవి ఇవ్వొచ్చు, ఏవి ఇవ్వకూడదు?

తెనాలి అమ్మమ్మ
మీ అత్తగారు అన్నదాంట్లో తప్పేముందమ్మా? గింజ కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లు మనవి. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని పిల్లలకి నేర్పాల్సింది పోయి, రంగులు పూసి కాళ్ల కింద పోస్తామా? అయినా పిల్లలకి ఆటని ప్రత్యేకంగా అమర్చి పెట్టడం ఏమిటి? వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు. కొత్తిమీర తుంచమను, చపాతీ పిండి ముద్ద చేతికివ్వు, ఉతికిన రుమాళ్లు మడతపెట్టమను. వాసన, మెత్తన, గరుకు అన్నీ అందులోనే తెలుస్తాయి.

చిన్నూ వాళ్ల అమ్మ
అమ్మమ్మగారూ, ఏ వంటింట్లో కూర్చోబెట్టమంటారు? మా ఫ్లాట్ వంటిల్లు ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. ఒక పక్క కుక్కర్, ఒక పక్క మరిగే నూనె. ఇదేదో రీల్స్ చూసి నేర్చుకున్న ఫ్యాషన్ కూడా కాదు. పిల్లల చదువుకి కొత్త పద్ధతి తెచ్చిన ఇటలీ ఆవిడ మాంటిస్సోరి గారు 1939లో మద్రాసు అడయారుకి వచ్చి మనవాళ్లకి శిక్షణ ఇచ్చారు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి గింజలు పోయడం, గరిటెతో తీయడం ఆ పద్ధతిలో పాత పనులే. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏం చెప్పింది? ఏడాది పిల్లలకి స్క్రీన్ అసలే వద్దు, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వాళ్లకి గంట మించకూడదు అంది. ఫోన్ లాక్కుంటే దాని బదులు చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. నేను కిలో బియ్యం మూతడబ్బాలో పెట్టుకుని నెలల తరబడి అదే వాడుతున్నా. పారేసిందేమీ లేదు.

పొలం గట్టు
కిలోనే కదా అనకండి. నారు పోసిన దగ్గర్నుంచి కోత దాకా నాలుగైదు నెలలు పడుతుంది ఆ కిలోకి.

కొత్త నాన్న
అక్షరాభ్యాసంలో పళ్లెంలో బియ్యం పోసి పిల్లాడి వేలు పట్టుకుని దిద్దిస్తాం. పెళ్లిలో తలంబ్రాలు దోసిళ్లతో పోసుకుంటాం. అప్పుడు అడ్డురాని పాపం టబ్బులో పోస్తే ఎలా వచ్చింది?

తెనాలి అమ్మమ్మ
అది దేవుడి ముందు, పెద్దల ఆశీర్వాదంతో చేసేది బాబూ. దిద్దించిన బియ్యాన్ని తుడిచి పారేయం, వండుకుంటాం లేదా పంతులుగారికి ఇస్తాం. రెంటికీ పోలిక లేదు.

కొత్త నాన్న
తలంబ్రాల బియ్యం మండపం నిండా చెల్లాచెదురై అందరి కాళ్ల కిందా పడతాయి. వాటిని ఎవరు వండుతున్నారు?

తెనాలి అమ్మమ్మ
పసుపు కలిపిన అక్షతలవి. నీ రంగు డబ్బా బియ్యం కాదు.

సిస్టర్ గారు
తలంబ్రాలు తర్వాత మాట్లాడుకుందాం. పెసలు, శనగలు అన్నారు, అది ఎవరూ పట్టించుకోలేదు. నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. ఎండు శనగ ముక్కులో దూరితే లోపలి తడికి ఉబ్బుతుంది. ఇంట్లో వాళ్లు కంగారుపడి హెయిర్‌పిన్‌తో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. కొందరైతే ముక్కులో నీళ్లు పోస్తారు, దాంతో మరింత ఉబ్బుతుంది. పిల్లాడు ఏమీ చెప్పలేడు. ఒక్క ముక్కులోంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే జలుబు అనుకుని మందులు వేస్తుంటారు. అసలు సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. అదే వేరుశనగ గింజ ఊపిరి గొట్టంలోకి పోతే అంత టైమ్ కూడా ఉండదు.

చిన్నూ వాళ్ల అమ్మ
నేను పక్కనే కూర్చుంటానండీ. వాణ్ణి ఒక్కణ్ణే వదిలి వెళ్లను.

సిస్టర్ గారు
వార్డుకి వచ్చే ప్రతి అమ్మా ఆ మాటే అంటుంది, అబద్ధం చెప్పి కాదు. కాలింగ్ బెల్ మోగుతుంది, పాలు పొంగుతాయి. బొమ్మల భద్రత పరీక్షకి ఒక చిన్న గొట్టం వాడతారు, వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే వస్తువు మూడేళ్ల లోపు పిల్లలకి పనికిరాదు. శనగ ఆ లెక్కలో ఎక్కడుందో మీరే చూడండి. ఇంకో మాట: నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు జెల్లీ పూసలు, వాటర్ బీడ్స్ అని అమ్ముతారు, అవి అసలు ఇంట్లోకే తేవద్దు. మింగితే పేగులో ఉబ్బి అడ్డం పడతాయి, మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా కనబడవు కూడా.

అంగన్‌వాడీ టీచర్
మా దగ్గర గింజల ఆటలు మూడేళ్లు దాటిన వాళ్లకే, అదీ ఎదురుగా కూర్చోబెట్టుకుని. ఏడాదిన్నర వాళ్లకి నేను చెప్పేది ఇది. వెడల్పాటి పళ్లెంలో రెండు వేళ్ల లోతు నీళ్లు, స్టీలు గ్లాసు, చిల్లుల గరిటె ఇవ్వండి. గరిటె ఎత్తగానే నీళ్లు కారిపోతాయి, మళ్లీ ముంచుతారు, మళ్లీ చూస్తారు. ఆట అవగానే నీళ్లు పారబోయాలి, ఎందుకంటే కొద్ది నీళ్లలో ముఖం బోర్లా పడినా ప్రమాదమే. బకెట్ దగ్గర అసలే వద్దు. ఇంకా, బాగా మెత్తగా ఉడికించి చల్లార్చిన రాగి సంకటి ముద్ద, పెద్ద కొబ్బరి చిప్పలు, కర్చీఫులు నింపిన ఖాళీ డబ్బా. నోట్లో పెట్టుకున్నా గొంతులో పడనివి చూసుకుంటే చాలు. కేంద్ర ప్రభుత్వం 2024లో పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ల దాకా పిల్లల కోసం నవచేతన అని ఒక ప్రణాళిక తెచ్చింది. పిల్లలతో మాట్లాడటం, ఆడటం, ఇంట్లో ఉన్నవాటితోనే చేయించడం దాని సారం. కొనాల్సిందేమీ లేదు.

పొలం గట్టు
మట్టిలో వదిలేయండి, అన్నీ అవే వస్తాయి. మేమంతా అలాగే పెరిగాం.

అంగన్‌వాడీ టీచర్
మట్టి మంచిదే, కుక్కలూ పిల్లులూ పాడుచేయని చోటు చూసుకోవాలి. ఆడాక సబ్బుతో చేతులు, గోళ్ల సందులూ కడగాలి. ఏడాది నిండిన పిల్లలకి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర వేయించండి, రెండేళ్ల లోపు వాళ్లకి సగం మాత్రే.

చిన్నూ వాళ్ల అమ్మ
టీచర్‌గారి మాట ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ పెద్దవాళ్ల అభ్యంతరం ప్రమాదం గురించి కాదు, ఇల్లు పాడవుతుందని. ఆ తరం వాళ్లకి గచ్చు శుభ్రంగా ఉండటం ముఖ్యం, పిల్లాడి ఎదుగుదల కాదు. దానికి అన్నపూర్ణమ్మ పేరు వాడుకుంటున్నారు.

తెనాలి అమ్మమ్మ
ఏమన్నావమ్మాయ్? సరే, అయితే విను. నేను మా ఆయన్ని తెనాలిలో వదిలేసి బెంగళూరులో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను, మనవరాలిని చూసుకోవడానికి. మా అమ్మాయి ఆఫీసు నుంచి వీడియో పంపుతుంది, "అమ్మా, ఇవాళ ఇది చేయించు" అని. ఒకరోజు రవ్వ, ఒకరోజు రంగునీళ్లు, ఒకరోజు షేవింగ్ నురగ. రవ్వ సోఫా కింద, గచ్చు సందుల్లో, పిల్ల జుట్టులో. సాయంత్రానికి చీమలు. కిందకి వంగితే లేవలేని మోకాళ్లు నావి. రాత్రి వచ్చి "ఫొటో తీశావా అమ్మా" అంటుంది. ఎత్తింది ఎవరు అని అడగదు. ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని, దీనికి ఏం ఆడించాలో నన్ను ఒక్కసారి అడిగితే చెప్పనా? నాకు గచ్చు ముఖ్యమట! నిజాంపేట అమ్మాయీ, నువ్వు చెప్పు. ఆ రోజు ఆ బియ్యం ఎత్తింది ఎవరు?

నిజాంపేట అమ్మ
మా అత్తగారే. నాకు షిఫ్ట్ టైమ్ అయింది, క్యాబ్ కింద నిలబడి ఉంది. రాత్రి వచ్చేసరికి ఇల్లంతా శుభ్రంగా ఉంది. ఆవిడ బియ్యం గురించే అన్నారు. నడుము నొప్పి గురించి ఒక్క మాట అనలేదు.

తెనాలి అమ్మమ్మ
అనరు. కోడలితో అంటే పని తప్పించుకుంటున్నట్టు ఉంటుంది, బియ్యం పేరు చెబితే మర్యాద నిలుస్తుంది.

చిన్నూ వాళ్ల అమ్మ
అమ్మమ్మగారూ, మీకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది. మా వాడు రెండేళ్లు నిండినా అన్నం ముద్ద ముట్టుకునేవాడు కాదు. ఇసుకలో కాలు పెడితే గుక్కపట్టి ఏడ్చేవాడు. ప్లేస్కూల్ వాళ్లు రెండో వారంలోనే "మా వల్ల కాదు, వేరే చోట చూసుకోండి" అన్నారు. బంధువులంతా ఒకటే మాట, అమ్మ ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టింది అందుకే ఇలా అయ్యాడు అని. మా అమ్మ లేదు. అత్తగారు రానన్నారు. థెరపీ మేడమ్ చెప్పింది రోజూ కొంచెం కొంచెం చేయించమని. మొదట పొడి బియ్యంలో ఒక్క వేలు, తర్వాత చెయ్యి. మొన్న పెరుగన్నం తనే కలుపుకున్నాడు. ఆ గింజలన్నీ ఊడ్చేది నేనే, పక్కన ఇంకెవరూ లేరు. అందుకే ఎవరైనా ఇది ఆటలు, ఫ్యాషన్ అంటే నేను ఊరుకోలేను.

తెనాలి అమ్మమ్మ
ఆ సంగతి ముందే చెప్పాల్సింది తల్లీ. బిడ్డకి వైద్యంగా చేస్తే అది వేరు, బియ్యమైనా ఇంకోటైనా వాడుకో. నేను అన్నది, ఒక పెద్దావిడ నెత్తిన పని పెట్టి మనం డ్యూటీకి వెళ్లిపోవడం గురించి.

కొత్త నాన్న
ఇందులో నాన్నల పేరు ఒక్కచోటా రాలేదు. మా ఇంట్లో టబ్బు తీసేదీ కడిగేదీ నేనే.

నిజాంపేట అమ్మ
మా ఆయనకి ఈ చర్చ చూపించాను. ఇకనుంచి గింజల్లాంటి ఆటలేవైనా ఆదివారం, మేమిద్దరం ఇంట్లో ఉన్నప్పుడే. శుభ్రం చేసే పని ఆయనది. మామూలు రోజుల్లో ఏం ఆడించాలో అత్తగారి ఇష్టం. నిన్న అడిగితే చింతపండు పిసికే గిన్నెలో నీళ్లు పోసి ఇస్తానన్నారు, టీచర్‌గారు చెప్పినట్టే ఉంది.

తెనాలి అమ్మమ్మ
మంచిది. రంగు బియ్యం మాత్రం ఆదివారమైనా వద్దు.

చిన్నూ వాళ్ల అమ్మ
తినే రంగు కలిపితే నష్టమేంటో చెప్పండి అమ్మమ్మగారూ. మీరు కేసరిలో వేసేది అదే కదా.

సిస్టర్ గారు
రంగు సంగతి ఉంచండి. నిజాంపేట అమ్మగారూ, ఆ టబ్బులో శనగలు, పెసలు ఇంకా ఉన్నాయా? నేను చెప్పి రెండు రోజులైంది.

నిజాంపేట అమ్మ
తీసేశానండీ. జల్లెడ పట్టి, రెండూ డబ్బాల్లో పోసి పై అటక మీద పెట్టాను.