సమస్య: “రేపటి విమాన మది నేడె రెక్క విప్పె”

నిర్వాహకులు:
ఈ వారం సమస్య తేటగీతి అనే పద్యానికి చివరి పాదం. దానికి ముందు మూడు పాదాలు కట్టి అర్థం కుదర్చాలి. విదేశాల్లో నెలల తరబడి ఉండి తిరిగి వచ్చే చివరి రోజున ఎదురైన ఇబ్బందిని వస్తువుగా తీసుకోండి. రేప / టివిమాన / మదినేడె / రెక్క / విప్పె అని గణవిభజన. మొదటి గణంలోని ‘రే’కు నాలుగో గణంలోని ‘రె’తో యతి, అంటే అక్షరాల పొత్తు. రేపు ఎగరవలసింది ఇవాళే ఎలా ఎగిరిందో పొసగించడమే పూరణ. కల వచ్చిందని చెప్పి తప్పించుకోవద్దని మనవి. కలలో అన్నీ పొసగుతాయి కాబట్టి అక్కడ కవికి పని ఉండదు.

విజయవాడ సభ్యులు:
అబ్బాయి దగ్గర డాలస్‌లో అయిదున్నర నెలలు ఉన్నాం. టికెట్టు మీద సోమవారం, 12:25 ఏఎం అని ఉంది. సోమవారం రాత్రి బయలుదేరాలని ఇంటిల్లిపాదీ అనుకొన్నాం. ఆదివారం రాత్రి భోంచేసి పడుకొన్నాం. విజయవాడ నుంచి మా తమ్ముడు ఫోను చేసి “విమానం ఎక్కారా” అని అడిగేసరికి అక్కడ సోమవారం ఉదయం 10:55, ఇక్కడ సరిగ్గా 12:25.

సోమవారమే యని చీటిఁ జూచి నమ్మి
యాదివారపు రాతిరి హాయి నుండ
నర్ధరాత్రి దాటిన వేళ నంకె మారి
రేపటి విమాన మది నేడె రెక్క విప్పె

నిర్వాహకులు:
పూరణ సహజంగా వచ్చింది. సమస్యలోని వైరుధ్యమంతా ‘అంకె’ అనే ఒక్క మాటలో విడిపోయింది. రెండో పాదంలో ఆకారానికి ‘హా’తో వేసిన యతి కూడా చక్కగా కుదిరింది. ఒక్క దోషం మాత్రం సవరించుకోవాలి. ‘మారి’ క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పి తరువాతి క్రియ కోసం ఆగే రూపం. మారింది అంకె, రెక్క విప్పింది విమానం. క్త్వార్థానికీ సమాపక క్రియకూ కర్త ఒక్కటే కావాలి. “నంకె మార” అంటే గణం చెడదు, అన్వయం కుదురుతుంది.

అర్ధరాత్రి దాటాక వచ్చే మొదటి గంటను 12 ఏఎం అని రాసే పద్ధతిలోనే ఈ చిక్కు ఉంది. పన్నెండు అనగానే మన మనసు రోజు చివరికి వెళుతుంది, గడియారం మాత్రం రోజు మొదట్లో ఉంటుంది. 00:25 అని అచ్చు వేస్తే ఇన్ని కుటుంబాలు ఇలా నష్టపోవు.

విజయవాడ సభ్యులు:
సవరణ శిరోధార్యం, గురువుగారూ. ‘మార’ అని దిద్దుకొన్నాను.

కరీంనగర్ సభ్యుడు:
పద్యం రాయడం నాకు ఇది మూడోసారి. తప్పులుంటే చెప్పండి. ఒక్కో పెట్టెకు 23 కిలోలు మించరాదు. మా పెట్టె 27 తూగింది. వరుసలోంచి పక్కకు జరిగి అందరి ముందూ పెట్టె విప్పాం. ఈలోగా కౌంటరు మూసేశారు. మరునాటి విమానంలో చోటిచ్చారు. రాత్రంతా అక్కడే కూర్చున్నాం.

పెట్టె బరువు తూచితే యిరువదేడు
తీసి సర్దుచుండఁగ వేళ దాటిపోయె
కుర్చి పైన నే రేయెల్లఁ గునికి లేవ
రేపటి విమాన మది నేడె రెక్క విప్పె

నిర్వాహకులు:
నాయనా, భావం మొదటి పూరణకంటే ఒక మెట్టు పైన ఉంది. ఎదురుచూస్తూ కూర్చున్న మనిషికి రేపు ఇవాళగా మారడం, అదీ కుర్చీలోనే మారడం, బాగా పట్టుకొన్నారు. మూడో పాదంలో వేలు పెట్టవలసిన అవసరం లేదు. మొదటి పాదంలో మాత్రం పెట్టె (హగణం: గురువు, లఘువు), బరువుతూ (నగం: మూడు లఘువులు, గురువు) దాకా సరిగా నడిచి, మూడో గణం ‘చితేయి’ జగణం (లఘువు, గురువు, లఘువు) అయింది. తేటగీతిలో జగణానికి చోటు లేదు. యతి కూడా తప్పింది. పైగా ‘తూచితే’ వాడుక రూపం, తక్కిన పద్యం గ్రాంథికంలో ఉంది. ఇలా చూడండి:

బరువు తూచఁగాఁ బెట్టె దా నిరువదేడు

‘బరు’, ‘నిరు’ అని, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి వేశాను. రెండో పాదంలో ‘తీ’కి ‘దా’తో హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. “వేళ తీరిపోయె” అంటే రెండూ కలుస్తాయి. రాయడం మానవద్దు.

ఆక్లండ్ సభ్యురాలు:
అయిదు వారాలు పసిఫిక్ దీవులు తిరిగాం. సమోవా రాజధాని అపియాకూ అమెరికన్ సమోవాలోని పాగో పాగోకూ మధ్య దూరం సుమారు 125 కిలోమీటర్లు. గడియారాలకు తేడా 24 గంటలు. ఆదివారం బయలుదేరితే శనివారం దిగుతాం.

అపియ నాదివారమ్మున నరిగి, కడలి
దాటి పాగోను శనివారతరినిఁ జేర
నచటి బాలు డాశ్చర్యాన ననియె నిట్లు:
“రేపటి విమాన మది నేడె రెక్క విప్పె”

నిర్వాహకులు:
వస్తువు అపూర్వం, అమ్మా. ఒక అభ్యంతరం ఉంది. ఆ బాలుడు చూసింది దిగుతున్న విమానాన్ని. దిగేదానికి రెక్క విప్పడం ఎలా అన్వయిస్తుంది?

ఆక్లండ్ సభ్యురాలు:
గురువుగారూ, అది అపియాలో రెక్క విప్పినప్పుడు పాగో పాగోలో శనివారమే నడుస్తోంది. ఆ పిల్లవాడి లెక్కలో ఆదివారపు విమానం శనివారమే ఎగిరింది. దిగడాన్ని చూసి ఎగరడాన్ని ఊహించాడు.

నిర్వాహకులు:
నా అభ్యంతరం వెనక్కి తీసుకొంటున్నాను. మీ అన్వయమే సరైనది. అయితే కర్త నాలుగో పాదం దాకా కనబడడం లేదు. అరిగిందీ చేరిందీ ఎవరో తెలియక చదువరి మూడు పాదాలు నడవాలి. దీన్ని మీరే సవరించండి, నేను చెయ్యి పెడితే ఆ బాలుడి గొంతు చెడుతుంది.

తెలియనివారి కోసం ఒక మాట. సమోవా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారం సులువు కావాలని 2011లో దినరేఖకు, అంటే తేదీ మారే గీతకు, ఇవతలి వైపుకు మారింది. అక్కడ డిసెంబరు 29 తరువాత నేరుగా 31 వచ్చింది. ఈ తికమక విమానాలతో పుట్టినదీ కాదు. నావికుడు మెగెల్లన్‌తో బయలుదేరినవారిలో మిగిలినవారు దాదాపు మూడేళ్ళ యాత్ర చివర 1522 జులై 9న కేప్ వెర్డ్ దీవులకు చేరినప్పుడు, ఓడలో బుధవారం, ఒడ్డున గురువారం. రోజు తప్పకుండా దినచర్య రాసుకొన్న పిగాఫెట్టా నివ్వెరపోయాడు. లెక్కలో తప్పు లేదు, పడమటగా భూమిని చుట్టి వచ్చినందువల్ల ఒక రోజు తగ్గింది.

ఇంతకూ మీ ఇబ్బంది ఏమిటో చెప్పలేదు.

ఆక్లండ్ సభ్యురాలు:
తిరుగు ప్రయాణంలో పాగో పాగోలో శనివారం మధ్యాహ్నం ఎక్కి, అపియాలో ఆదివారం దిగాం. అక్కడి నుంచి ఆక్లండుకు మా టికెట్టు శనివారం రాత్రికి. వెళ్ళేటప్పుడు వింతగా చెప్పుకొన్న విషయమే వచ్చేటప్పుడు మరిచిపోయాం.

అనంతపురం సభ్యురాలు:
నేను రాసింది మా అత్తగారి ప్రయాణం గురించి.

మనుమ డవ్వకై మలచిన మడత పిట్ట
“తెల్లవారిన పిమ్మట తెచ్చి యిత్తు”
ననుచు దాచె, నంతట గాలి యల్లనాడ
రేపటి విమాన మది నేడె రెక్క విప్పె

నిర్వాహకులు:
అమ్మా, ఈ పద్యాన్ని చాలాసేపు చదువుకొన్నాను. పిట్ట అని మొదలుపెట్టి విమానంగా ముగించారు, రెంటికీ ‘రెక్క’ వంతెన అయింది. ‘అల్లన’ అన్న మాట ఆ కాగితం బరువును చెబుతోంది. ఛందస్సులో వెతికినా దోషం దొరకలేదు. కానీ ఇందులో ఇబ్బంది ఎక్కడుంది?

అనంతపురం సభ్యురాలు:
వాడు మడిచిన కాగితంలోనే ఉందండీ. అత్తగారికి తెలుగు తప్ప మరో భాష రాదు. ఒంటరిగా వెళుతున్నారు, దారిలో విమానం మారాలి. చక్రాల కుర్చీ కావాలని ముందే చెప్పి ఉంచాం. నడవలేక కాదు, కుర్చీ తోసేవారు సరైన ద్వారం దగ్గర దింపుతారన్న ధైర్యం కోసం. టికెట్టు అచ్చు మీద మావారు ఇంగ్లీషులో “నాకు తెలుగు మాత్రమే వచ్చు. నన్ను హైదరాబాదు విమానం ఎక్కించండి” అని రాసి, మా ఫోను నంబరు వేశారు. మా ఆరేళ్ళవాడు ఆ కాగితాన్నే పిట్ట చేసి కిటికీ గట్టు మీద పెట్టాడు. అది మూడో అంతస్తు నుంచి ఎటో వెళ్ళిపోయింది. తెల్లవారి లేచి ఇల్లంతా వెతికాం. వాడు ఏడుస్తూ చెప్పేదాకా మాకు తెలియలేదు.

నిర్వాహకులు:
ఆమె క్షేమంగా చేరారా?

అనంతపురం సభ్యురాలు:
చేరారండీ. బయలుదేరే హడావిడిలో తెల్లకాగితం దొరకలేదు. వాడు గీసిన ఏనుగు బొమ్మ వెనుక మావారు మళ్ళీ అదంతా రాశారు. దారిలో ఆమె ఆ కాగితం చాచిన ప్రతిచోటా మనుషులు ముందు బొమ్మను చూసి, తరువాత వెనక్కి తిప్పి చదివారట. ఇప్పుడది అనంతపురంలో, దేవుడి గూట్లో ఉంది.